ఇంజన్ ఆగినా ప్రాణం ఆగకూడదు

మడకశిర, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల తల్లిదండ్రులారా, విద్యార్థులారా!

మన పిల్లలూ పైలెట్లు కావాలనుకుంటున్నారు. సంతోషం. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. చేను తాకట్టు పెట్టి, బ్యాంకు అప్పు తెచ్చి ఆ ఫీజు కట్టే మనం ఫ్లయింగ్ స్కూల్‌ని ఒక్క మాట అడగాలి: గాలిలో ఇంజన్ పవర్ పోతే ఏం చేయాలో మా బిడ్డతో ఎన్నిసార్లు చేయించారు?

2022 ఫిబ్రవరి 26న నల్గొండ జిల్లా తుంగతుర్తి దగ్గర శిక్షణ విమానం కూలి, ఒంటరిగా నడుపుతున్న యువతి ప్రాణం కోల్పోయింది. 2023 మే 30న బెళగావి దగ్గర హొన్నిహాళలో, లోపం తలెత్తిన శిక్షణ విమానం పొలంలో దిగింది. అందులోని ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. రెండింటి కారణాలూ ఒకటేనని మేం అనడం లేదు. ప్రమాదం ఎప్పుడైనా రావచ్చు, దానికి సిద్ధపడి ఉండాలన్నదే మా మాట.

ఇంజన్ ఆగితే విమానం రాయిలా పడిపోదు. శిక్షణకు వాడే సెస్నా 152 విమానం వెయ్యి అడుగుల ఎత్తు నుంచి సుమారు రెండున్నర కిలోమీటర్లు జారుకుంటూ వెళ్లగలదు. చేతిలో ఉండేది ఒకటిన్నర నిమిషమే. అంతలోనే ముక్కు దించి 60 నాట్ల వేగం నిలపాలి, కరెంటు తీగలు లేని చదునైన చేను చూసుకోవాలి, పెట్రోలు వాల్వు, కార్బురేటర్ హీట్ సరిచూడాలి. టేకాఫ్ అయిన వెంటనే పవర్ పోతే రన్‌వేకు తిరగబోకుండా ఎదురుగా ఉన్న నేలమీదే దిగాలి. ఇవి పుస్తకం చదివితే రావు, చేసి చేసి చేతికి అలవాటు కావాలి.

చాలా ప్రమాదాలను నేలమీదే ఆపవచ్చు. ఎగరబోయే ముందు రెక్క కింది నుంచి కాస్త పెట్రోలు గాజు గొట్టంలోకి పట్టి చూడాలి. నీలం రంగు పెట్రోలు అడుగున రంగులేని నీటి బొట్టు కనిపిస్తే, అది పూర్తిగా పోయేదాకా పట్టి పారబోయాలి. గాలిలో ఇంకో ముప్పూ ఉంది: తేమ ఎక్కువున్న రోజు, బయట 25 డిగ్రీల వేడి ఉన్నా కార్బురేటర్ లోపల మంచు కట్టి ఇంజన్ గొంతు నొక్కుతుంది. పైన చెప్పిన కార్బురేటర్ హీట్ దానికే.

అందుకే మా డిమాండ్లు:

1. సోలోకు (ఒంటరిగా ఎగరడానికి) పంపేముందు అత్యవసర ల్యాండింగ్‌ను పదేపదే చేయించాలి. ఆ లెక్క లాగ్‌బుక్‌లో రాసి తల్లిదండ్రులకు చూపాలి.

2. ఇంజన్ మీద సందేహం ఉంటే ఎక్కనని చెప్పే విద్యార్థికి గంటలు కోయకూడదు, జరిమానా వేయకూడదు.

3. ప్రతి ఇంజన్ లోపాన్నీ, దాని మరమ్మతునూ స్కూల్ నోటీసు బోర్డులో పెట్టాలి.

4. శిక్షణ విమానాలు తిరిగే చోట గ్రామ సచివాలయాల్లో స్కూలు వారు జాగ్రత్తలు చెప్పాలి: విమానం పొలంలో దిగితే 112కు ఫోన్ చేయాలి, బీడీ వెలిగించకూడదు, ఆగిన ప్రొపెల్లర్ దగ్గరికి పోకూడదు.

తల్లిదండ్రులారా! 2025లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఫ్లయింగ్ స్కూళ్లకు ర్యాంకులు ఇవ్వడం మొదలుపెట్టింది. అవి చూడండి. ఈ నాలుగు డిమాండ్లకూ స్కూలు రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే ఫీజు కట్టండి. మన ఎమ్మెల్యేకూ, ఎంపీకీ వినతిపత్రం ఇవ్వండి, డీజీసీఏ దాకా చేర్చమనండి. అందరం కలిసి అడిగితే ఏ స్కూలూ కాదనలేదు.

— మడకశిర ప్రాంత విద్యార్థుల తల్లిదండ్రులు