‘అదుపులో’ అంటే ఎక్కడ?

వీధిలో ఇద్దరు కొట్టుకుంటారు. చూసిన పాపానికి ఫోను ఎదురింటావిడకు వస్తుంది. ‘ఎస్సై గారు రమ్మంటున్నారమ్మా, ఒక్కసారి వచ్చి వెళ్లండి.’ పొయ్యి మీది వంట దించేసి, తమ్ముణ్ణి తోడు తీసుకుని వెళ్లిన ఆవిడ పొద్దుగూకేదాకా బెంచీ మీదే కూర్చుంటుంది. ఆమెను అక్కడికి రప్పించడమే తప్పని చెప్పే నాథుడుండడు.

సాక్షిని పిలవాలంటే రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి. అదీ తమ స్టేషన్, పక్క స్టేషన్ పరిధిలో ఉన్నవారినే పిలవాలి. ఆడవాళ్లను, 15 ఏళ్ల లోపు పిల్లలను, 60 దాటినవారిని, దివ్యాంగులను, తీవ్రంగా జబ్బుపడినవారిని వాళ్ల ఇంట్లోనే ప్రశ్నించాలి. వాళ్లంతట వాళ్లు స్టేషన్‌కు వస్తామంటే అది వేరు. పాత సీఆర్‌పీసీలో ఇది 160వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 179.

ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ సత్పతిని స్టేషన్‌కు రమ్మనడం ఈ నిబంధనను కాలరాయడమేనని సుప్రీంకోర్టు 1978లోనే తేల్చింది. ఢిల్లీ మద్యం కేసులో 2022 డిసెంబరు 11న సీబీఐ అధికారులు 160 కింద నోటీసిచ్చి, అప్పటి ఎమ్మెల్సీ కవితను హైదరాబాద్‌లో ఆమె ఇంటికే వెళ్లి ప్రశ్నించారు. ఆ కేసు తర్వాత తిరిగిన మలుపులు వేరే సంగతి. ఆ రోజు ఆమెకు వర్తించిన నిబంధనే ఎదురింటావిడకూ వర్తిస్తుంది. ఆవిడ ఇంటికి మాత్రం ఎవరూ రారు.

పిలవకూడని చోటికి తెలిసీ పిలిపించిన అధికారికి 6 నెలలకు తగ్గకుండా, 2 ఏళ్ల దాకా కఠిన కారాగారం! నిర్భయ ఉదంతం తర్వాత 2013లో ఐపీసీలో చేర్చిన 166ఏ ఇది. ఇప్పుడు బీఎన్‌ఎస్ 199. ప్రతి స్టేషన్ గుమ్మం మీద పెద్దక్షరాలతో, అందరికీ అర్థమయ్యే తెలుగులో రాయించాల్సిన సెక్షన్ ఇది.

అడిగినదానికి సాక్షి నిజం చెప్పాల్సిందే. తననే కేసులో ఇరికించే ప్రశ్నకు మాత్రం జవాబివ్వనక్కర్లేదు. రాసుకున్న వాంగ్మూలం కింద సంతకం పెట్టించుకోకూడదు. తెల్లకాగితం మీద సంతకం అడిగితే అది మరీ అన్యాయం.

ఇందులో పత్రికల పాపమూ ఉంది. ‘అదుపులోకి తీసుకుని విచారిస్తున్నారు’ అని రోజూ అచ్చవుతూనే ఉంటుంది. అరెస్టయితే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. కాకపోతే మనిషి ఎప్పుడంటే అప్పుడు లేచి ఇంటికి పోవచ్చు. ఈ రెండింటికీ నడుమ దాచిపెట్టే గదికి తెలుగు విలేకరులు పెట్టిన పేరు ‘అదుపు’. రాతపూర్వకంగా పిలిచారా, అరెస్టు చూపించారా, ఎన్నింటికి ఇంటికి పంపారని స్టేషన్ గడపలోనే అడిగి, వచ్చిన జవాబును ఆ వార్తలోనే వేయాలి.