చెయ్యెత్తితే ఆగే రైలు

రైళ్ళంటే మాకు ప్రాణం. సంఘంలో కొందరు దాన్ని పిచ్చి అంటారు, అననివ్వండి. వేల్సులోని స్వాన్సీ నుండి ఇంగ్లండులోని ష్రూస్‌బరీకి వెళ్ళే చిన్న లోకల్ బండిలో మేము ఒక రోజంతా గడిపాము. సుమారు 120 మైళ్ళు, నాలుగు గంటల ప్రయాణం.

బయలుదేరిన కాసేపటికే లఖర్ ఊరు వస్తుంది. 1904లో ఇవాన్ రాబర్ట్స్ పరిచర్య ద్వారా ఉజ్జీవం రగిలినది ఇక్కడే. బండి మాత్రం ఆగదు. ఇక్కడి స్టేషను 1960లోనే మూసేశారు. లనెల్లిలో డ్రైవరు దిగి రెండో కొసకు నడచి వెళ్తాడు. అంతవరకు వెనుక ఉన్న పెట్టె ముందవుతుంది.

ఆ తర్వాత చాలా స్టేషన్లలో బండి దానంతటది ఆగదు. దిగేవారు ముందుగా గార్డుకు చెప్పాలి, ఎక్కేవారు డ్రైవరుకు కనబడేలా చెయ్యెత్తాలి. కొండల మధ్య షుగర్ లోఫ్ స్టేషను ఉంది. ఒకప్పుడు అక్కడ కాపురమున్న రైల్వే పనివారి కోసం పెట్టినది. ఇప్పుడు చుట్టుపక్కల ఊరే లేదు. అయినా ఒక్కరు చెయ్యెత్తితే చాలు, ఆగుతుంది.

1963లో బీచింగ్ నివేదిక తర్వాత ఇటువంటి లైన్లెన్నో మూతబడ్డాయి. ఇది బ్రతికింది. గెలుపోటములు తేలని నియోజకవర్గాల గుండా పోతుంది గనుక మంత్రులు వెనుకాడారని చెప్పుకుంటారు. ఓట్ల భయంతో చేసినా సరే, కారు లేని ముసలమ్మ సంతకు వెళ్ళగలుగుతున్నది కదా!

లాండ్రిన్‌డాడ్‌లో ఎదురు బండి కోసం కాచుకున్నాము. ఒంటి లైను మరి. అది వచ్చేలోగా దిగి కాళ్ళు సాగదీసుకున్నాము.