పిట్టలకూ ఉండాలి ఏటేటా పద్దు
జాబితాలు పెరుగుతున్నా తెలియని తరుగుదల
కొండలకు దశాబ్దాల రికార్డు... మైదాన చెరువులకు శూన్యం

చోడవరం: మామిడి పూత పిందెగా మారే వేళకు చోడవరం పరిసర గ్రామాల్లో కోయిల గొంతు విప్పుతుంది. వసంతంతో పాటే అది ఎక్కడి నుంచో వచ్చిందని చాలామంది భావిస్తారు. వాస్తవానికి కోయిల ఏడాది పొడవునా ఇక్కడే ఉంటుంది. చలికాలంలో దాదాపు మౌనంగా గడిపి, కాకులు గూళ్లు కట్టే కాలం సమీపించే కొద్దీ కూత అందుకుంటుంది. సరిగ్గా అదే సమయంలో శారదా నది ఒడ్డున, చెరువు గట్ల కింద చలికాలం గడిపిన వలస పక్షులు చడీచప్పుడు లేకుండా ఉత్తరాదికి తరలిపోతాయి. వచ్చిందనుకున్న పక్షి ఇక్కడిదే. వెళ్లిపోయినవి ఎన్నో, వాటిలో తిరిగి వచ్చినవి ఎన్నో చెప్పగలిగిన లెక్క మాత్రం ఏ గ్రామంలోనూ కనిపించదు.

చెరువుకు సంబంధించి విస్తీర్ణం, ఆయకట్టు, శిస్తు వివరాలు రెవెన్యూ దస్త్రాల్లో ఉంటాయి. పొలంలో వేసిన పంట అడంగల్‌లో నమోదవుతుంది. పశువులకు సైతం గణన ఉంది. అదే చెరువుపై ఆధారపడి బతికే పక్షులకు మాత్రం పద్దు లేదు. ఒక చెరువు పూడిపోయినా, ఆక్రమణకు గురైనా కోల్పోయినదేమిటో నిరూపించే ఆధారం లేకపోవడానికి ఈ వెలితి ఒక ప్రధాన కారణం.

జాబితా వేరు.. లెక్క వేరు

ఇటీవలి సంవత్సరాల్లో కెమెరాలు, చరవాణులు అందుబాటులోకి రావడంతో పక్షుల వీక్షణకు ఆదరణ పెరిగింది. సెలవు రోజుల్లో కొండకర్ల ఆవకు, రైవాడ, కోనాం, కల్యాణపులోవ జలాశయాలకు వెళ్లి కొత్త పక్షిని చూసి రావడం, ఏడాదికి ఎన్ని జాతులు చూశామో పట్టిక రాసుకోవడం యువతకు అభిరుచిగా మారుతోంది. ఇది ఆహ్వానించదగిన పరిణామమే. అయితే ఈ జాబితాకు ఒక పరిమితి ఉందన్న సంగతి గుర్తించాలి.

జాబితా ఎప్పుడూ పెరుగుతుందే తప్ప తగ్గదు. ఒక చెరువులో నిరుడు రెండు వందల బాతులు వాలి, ఈ ఏడు రెండే వాలినా జాబితాలో ఆ జాతి పేరు యథాతథంగా ఉంటుంది. అరుదైన పక్షి ఒక్కటి కనబడితే జాబితాకు కొత్త అంకె చేరుతుంది. ఈలోగా నిత్యం కనిపించే పక్షులు వందల నుంచి పదులకు పడిపోయినా అందులో తేలదు. అందుకే ఎన్ని జాతులు అన్న ప్రశ్నతో పాటు ఒక్కో జాతి పక్షులు ఎన్ని, ఎంతసేపు చూస్తే కనబడ్డాయి అన్న ప్రశ్నలకూ సమాధానం కావాలి. అదీ ఒక్కసారి కాదు, ఏటా ఒకే స్థలంలో, ఒకే రోజుల్లో.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలో క్రిస్మస్ రోజున పక్షులను వేటాడే పోటీలు సాగుతున్న కాలంలో ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షి శాస్త్రవేత్త తుపాకీకి బదులు లెక్క పుస్తకం పట్టుకోవాలని ప్రతిపాదించారు. 1900 డిసెంబరు 25న 27 మందితో మొదలైన ఆ గణన నేటికీ కొనసాగుతోంది. భారత ఉపఖండంలో నీటి పక్షుల కోసం 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది. ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు సాగే పెరటి పక్షుల గణనలో 2013 నుంచి భారతదేశమూ పాల్గొంటోంది. ఇందులో పాల్గొనడానికి పట్టా అక్కర్లేదు. కనీసం పదిహేను నిమిషాలు ఒక చోట నిలబడి, కనబడిన పక్షులన్నింటినీ సంఖ్యతో సహా నమోదు చేస్తే చాలు.

కొండలకు చరిత్ర.. మైదానానికి వెలితి

పూర్వపు విశాఖపట్నం జిల్లాకు పక్షి పరిశోధనలో విశిష్ట స్థానం ఉంది. తూర్పు కనుమల్లో జరిగిన వెర్నే శాస్త్రీయ సర్వే ఫలితాలు 1930 దశకంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వరుసగా వెలువడ్డాయి. విశాఖ కొండలు అందులో భాగం. ఈ కనుమల్లో ఏ పక్షి ఏ రుతువులో కనిపిస్తుందన్న అంశంపై ట్రెవర్ ప్రైస్ 1979లో అదే పత్రికలో సవివరమైన వ్యాసం ప్రచురించారు. అమెరికాకు చెందిన ఎస్.డిలన్ రిప్లే, బ్రూస్ బీలర్‌లతో కలిసి విశాఖకు చెందిన కె.ఎస్.ఆర్.కృష్ణరాజు రూపొందించిన విశాఖ కనుమల పక్షుల పట్టిక 1987-88లో వెలువడింది. ఈశాన్య భారతంలో, హిమాలయ పాదాల అడవుల్లో ఉండే అబ్బాట్స్ బాబ్లర్ అనే చిన్న పక్షి వందల మైళ్ల దూరంలోని ఈ కనుమల్లోనూ ఉంది. ఇక్కడి ఉపజాతికి 1985లో కృష్ణరాజు పేరే పెట్టడం జిల్లాకు దక్కిన గౌరవం.

అయితే ఈ కృషిలో అధిక భాగం కొండలకు, అడవులకు సంబంధించినది. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో అనంతగిరి, లంబసింగి వంటి ప్రసిద్ధ స్థలాలు అల్లూరి సీతారామరాజు జిల్లా పరిధిలోకి వెళ్లాయి. చోడవరం అనకాపల్లి జిల్లాలో చేరింది. ఫలితంగా 'విశాఖపట్నం జిల్లా పక్షులు' అన్న పాత జాబితాలో ఏ పక్షి నేడు ఏ జిల్లాకు చెందుతుందో స్థలం పేరు చూసి విడదీయాల్సిన పరిస్థితి ఏర్పడింది. కొండ పక్షుల పేర్లు తీసివేస్తే మైదాన మండలాలకు మిగిలే సమాచారం స్వల్పమే. చెరకు తోటలు, తాటి వనాలు, వరి మళ్లు, ఊరి చెరువులు, శారద, పెద్దేరు, బొడ్డేరు నదుల తీరాలతో కూడిన చోడవరం ప్రాంతానికి తనదైన లెక్క తానే ప్రారంభించుకోవాల్సి ఉంది.

రాబందులు నేర్పిన పాఠం

లెక్క లేకపోతే జరిగే నష్టానికి, ఉంటే కలిగే ప్రయోజనానికి రాబందుల ఉదంతమే నిదర్శనం. పశు కళేబరం పడిన చోట రాబందుల గుంపు వాలడం గ్రామాల్లో పెద్దలకు తెలిసిన దృశ్యమే. నేడు ఆ దృశ్యం లేదు. దేశంలో మూడు ప్రధాన జాతుల రాబందులు 1990 దశకం నుంచి 95 శాతానికి పైగా నశించాయి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలదేవ్ పార్కులో 1980 దశకంలో రాసిపెట్టిన సంఖ్యలు ఉండటం వల్లనే, 1990 దశకం చివర్లో చేసిన లెక్కతో వాటిని పోల్చి ప్రమాదాన్ని శాస్త్రజ్ఞులు గుర్తించగలిగారు. పశువులకు వాడే డైక్లోఫెనాక్ మందు అందుకు కారణమని 2004లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. పశువైద్యంలో ఆ మందును భారత ప్రభుత్వం 2006లో నిషేధించింది.

ఇక్కడి పల్లెల్లో రాబందులు ఎప్పుడు తగ్గాయో, ఏ ఊళ్లో చివరిసారి కనిపించాయో చెప్పే నమోదులు దొరకడం కష్టం. పెద్దల జ్ఞాపకమే ఆధారం. జ్ఞాపకం విలువైనదే అయినా అది తేదీ చెప్పదు, సంఖ్య చెప్పదు. తరం మారితే ఆ జ్ఞాపకమూ మిగలదు. రాబందులను ఎన్నడూ చూడని పిల్లలకు అవి లేని ఆకాశమే సహజంగా తోస్తుంది.

అపోహలకూ అదే విరుగుడు

దేశవ్యాప్తంగా 30 వేల మందికి పైగా వీక్షకులు నమోదు చేసిన మూడు కోట్ల వివరాల ఆధారంగా 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక 942 జాతులను పరిశీలించింది. దీర్ఘకాలిక ధోరణి నిర్ధారించగలిగిన 338 జాతుల్లో 60 శాతం తగ్గుముఖం పట్టాయి. ఇటీవలి ధోరణి తెలిసిన 359 జాతుల్లో 40 శాతం క్షీణిస్తున్నాయి. దసరా నాడు చూస్తే శుభమని నమ్మే పాలపిట్ట సైతం తగ్గుతున్న పక్షుల్లో ఉండటం గమనార్హం. దాని స్థితిని అంతర్జాతీయ స్థాయిలో పునఃపరిశీలించాలని నివేదిక సిఫార్సు చేసింది. 2018 వరకు ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షిగా ఉన్నది ఈ పాలపిట్టే. ప్రస్తుతం ఆ స్థానం రామచిలుకది.

లెక్క దుర్వార్తనే చెబుతుందనుకోవడం పొరపాటు. ఊరపిచ్చుకలు అంతటా అంతరిస్తున్నాయన్న ప్రచారం బలంగా ఉన్నప్పటికీ, పెద్ద నగరాల్లో తగ్గినా దేశం మొత్తం మీద వాటి సంఖ్య నిలకడగానే ఉందని 2020 నాటి తొలి నివేదిక తెలిపింది. నెమళ్లు బాగా పెరిగాయి. అనవసర భయాన్ని తొలగించడానికైనా, అవసరమైన ఆందోళనకు బలం చేకూర్చడానికైనా అంకెలే ఆధారం.

అయితే ఇటువంటి నివేదికలకు వివరాలు అందేది వీక్షకులు ఉన్న చోట్ల నుంచే. లెక్కించేవారు లేని మండలం పటంలో ఖాళీగా మిగిలిపోతుంది. ఆ ఖాళీకి పక్షులు లేవని కాదు, చూసినవారు లేరని అర్థం. పరిశీలించని వారికి రెండూ ఒకేలా కనబడటమే ఇందులోని ప్రమాదం.

వసంతమే ఎందుకు?

జనవరిలో జరిగే గణన చలికాలపు వలస పక్షులకు అనువైనది. వసంతం మరో కథ చెబుతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు వలస పక్షులు వెళ్లే క్రమం, స్థానిక పక్షులు గూళ్లకు సిద్ధమయ్యే క్రమం ఒకేసారి కనిపిస్తాయి. పసిరిక పిట్టలు నదుల ఇసుక గట్లలో బొరియలు తవ్వుకుని గుడ్లు పెడతాయి. తీతువు పిట్ట గూడు కట్టదు. ఎండిన చెరువు గర్భంలోనో, దున్ని వదిలిన చేలోనో నేల మీదనే గుడ్లు పెడుతుంది. ఇసుక తవ్వకాలు, చెరువుల పూడికతీత జోరందుకునేదీ ఇదే కాలంలో. పూడికతీత రైతుకు అవసరమే. ఏ చెరువులో ఏ మూల తీతువులు గుడ్లు పెడతాయో ముందుగా తెలిస్తే ఆ మూలను కొన్ని వారాలు ఆగి తవ్వుకోవచ్చు. తెలియాలంటే ఎవరో ఒకరు ముందే చూసి రాసి ఉండాలి.

ఒకే చెరువు.. ఒకే వారం.. ఒకే దారి

ఏటేటా చేసే లెక్క పనికి రావాలంటే కొన్ని నియమాలు తప్పనిసరి. స్థలం మారకూడదు. నడిచే గట్టు, నిలిచే చోటు మారకూడదు. సూర్యోదయం తర్వాత రెండు గంటలు అనుకుంటే ప్రతి ఏడాదీ అంతే సమయం కేటాయించాలి. ఉదాహరణకు ఒక ఏడు పది మంది నాలుగు గంటలు తిరిగి అరవై జాతులు చూసి, మరుసటి ఏడు ఇద్దరు గంటసేపు నిలబడి ముప్పై జాతులే చూస్తే పక్షులు సగమయ్యాయని చెప్పడం సరికాదు. తగ్గింది పరిశీలన. అందువల్ల పాల్గొన్నవారి సంఖ్య, సమయం, నడిచిన దూరం కూడా పద్దులో ఉండాలి.

తేదీ విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఉగాది నాడు లెక్కించాలన్న ఆలోచన ఆకర్షణీయమే. కానీ చాంద్రమానం ప్రకారం ఆ పండుగ మార్చి, ఏప్రిల్ నెలల మధ్య మారుతూ ఉంటుంది. కొద్ది వారాల తేడాలోనే వలస పక్షులు ఖాళీ అయ్యే రుతువులో అది తప్పుడు ఫలితాలకు దారితీస్తుంది. మార్చిలో ఒక నిర్దిష్ట వారాన్ని ఎంచుకోవడం శ్రేయస్కరం.

కనబడని పక్షిని కూడా నమోదు చేయాలి. నిరుడు ఉండి ఈ ఏడు లేని జాతి ఎదురుగా సున్నా రాయడం మరచిపోతే లెక్కలో కీలకమైన భాగమే లోపిస్తుంది. పేర్ల విషయంలో మరో చిక్కు ఉంది. ఒకే పక్షికి ఊరికో పేరు ఉండటం, ఒకే పేరుతో రెండు పక్షులను పిలవడం సాధారణం. ఊరి పేరు పక్కన శాస్త్రీయ నామాన్ని కూడా రాసుకుంటే పదేళ్ల తర్వాత చూసినవారికి సందేహం ఉండదు. గూళ్ల సమీపానికి వెళ్లడం, ఫొటో కోసం కొమ్మలు విరవడం, రికార్డు చేసిన కూత వినిపించి పక్షిని రప్పించడం ఈ రుతువులో పూర్తిగా మానాలి.

ఈ పనికి పెద్ద నిధులు అక్కర్లేదు. కేరళలో 2015 నుంచి 2020 వరకు వెయ్యి మందికి పైగా స్వచ్ఛంద కార్యకర్తలు రాష్ట్రమంతటా తిరిగి 361 జాతుల వివరాలతో పక్షుల పటం సిద్ధం చేశారు. అంత విస్తృతమైన కృషి ఇక్కడ తక్షణమే సాధ్యం కాకపోవచ్చు. ఒక పాఠశాల ఒక చెరువును, ఒక కళాశాల ఒక జలాశయాన్ని దత్తత తీసుకోవడం అసాధ్యమేమీ కాదు. విద్యార్థులు మారినా పుస్తకం మారకూడదు. ఒక ప్రతి పాఠశాలలో, మరొకటి పంచాయతీలో ఉంటే ఉపాధ్యాయుడు బదిలీ అయినా లెక్క ఆగదు. అంతర్జాలంలోని గణన వేదికల్లో నమోదు చేస్తే అది దేశ నివేదికకూ ఉపయోగపడుతుంది.

మొదటి ఏడాది లెక్క ఏమీ నిరూపించదు. రెండో ఏడాది కొన్ని సందేహాలు లేవనెత్తుతుంది. మంచి వానలు పడిన ఏడు, కరవు ఏడు కలిసి పదేళ్ల పద్దు చేతికి వచ్చినప్పుడే ఏది రుతువుల హెచ్చుతగ్గో, ఏది నిజమైన క్షీణతో తేలుతుంది. అందువల్ల పదేళ్ల తర్వాత అవసరమయ్యే ఆధారాన్ని నేడే పోగుచేయాలి. ఒక చెరువు భవితవ్యంపై గ్రామసభలోనో, న్యాయస్థానంలోనో ప్రశ్న తలెత్తిన నాడు 'ఇక్కడ పూర్వం చాలా పక్షులుండేవి' అన్న మాట కన్నా ఏటేటా రాసిన నోటు పుస్తకమే గట్టి సాక్ష్యం. అటువంటి పుస్తకం చోడవరం చెరువు గట్ల మీద ఈ వసంతంలోనైనా తెరుచుకోవాల్సిన ఆవశ్యకత ఎంతైనా ఉంది.