చచ్చిన గొడ్డును ఈడ్చేదెవరు?

వానలకు ముందే గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేయించమని పశువుల డాక్టర్లు చెప్తరు. గాలికుంటుకు ఆర్నెల్లకోసారి. మంచిమాటే, మేమూ వాడవాడ తిరిగి చెప్తున్నం. కానీ ఆ జాగ్రత్తల్లో ఒక ప్రశ్న ఎన్నడూ ఉండదు. రోగమొచ్చి గొడ్డు చచ్చినంక దాన్ని ఊరవతలికి ఈడ్చేదెవరు? టీకా ఊరికి, పీనుగ మాదిగవాడకు. ఇదేం పంపకం?

దొమ్మ రోగం సంగతే చూడండి. రాత్రి మేత మేసిన గొడ్డు తెల్లారేసరికి చచ్చి ఉంటది. ముక్కు, నోరు, ముడ్డి నుంచి నల్లని నెత్తురు కారుతది, గడ్డ కట్టదు. దాన్ని కోసినా, తోలు ఒలిచినా రోగం మనిషికంటుతది. మొదట నొప్పిలేని పుండు, నడుమ నల్లటి పక్కు. కూర తింటే పేగులకెక్కి ప్రాణమే తీయొచ్చు. నెత్తురు కారిన మట్టిలో రోగబీజం దశాబ్దాలు బతికే ఉంటది. మనకు ఎగువన ఒడిశా కోరాపుట్ జిల్లాలో చచ్చిన గొడ్డును కోసుకు తిన్న పేదలు ఈ రోగం పాలైంది ఒక్కసారి కాదు. ఎందుకు తిన్నరని అడిగే పెద్దమనుషులు, వాళ్లింట్లో తినడానికి ఇంకేముందో కూడా అడగాలె.

నింద సంగతి సరేసరి. 19వ శతాబ్దంలో ఉత్తరాదిన గొడ్లు చస్తే, తోళ్ల కోసం చమార్లే విషం పెట్టారని తెల్లదొరల సర్కారు కేసులు పెట్టింది.

2019లో ముద్దచర్మ వ్యాధి మన దేశంలో మొదట కనబడింది ఒడిశాలోనే. ఈగలు, దోమలు, పిడుదులు మోసే రోగం అది. 2014లో చింతూరు, కూనవరం ఆంధ్రలో కలిశాయి గానీ అడవిలో మేసే మందకు ఆ గీత తెల్వదు. అటూ ఇటూ ఒకే వారంలో టీకాలు పడాలె. సంతలో కొన్న గొడ్డును మూడు నాలుగు వారాలు మందలో కలపొద్దు.

ఉన్నట్టుండి గొడ్డు చస్తే కోయొద్దు, కదపొద్దు, 1962కు ఫోన్ కొట్టాలె. అంటురోగం అనుమానమొస్తే యజమానే కబురు చెప్పాలని 2009 చట్టం ఉంది. దళితులతో, ఆదివాసులతో పీనుగ మోయించడం 2016 జనవరి నుంచి అట్రాసిటీ చట్టం కింద నేరం. మరి గుంత ఎక్కడ? చెరువుకు, బావులకు దూరంగా జాగా చూసి, ఆరడుగుల లోతు తవ్వే మిషన్‌కు, సున్నానికి డబ్బు ఎవరిస్తరో ఇప్పుడే గ్రామసభలో రాయించండి. రాయకపోతే ఆ రాత్రి కబురొచ్చేది మన వాడకే. వస్తే, పోవద్దు.