వేలిముద్రతో తీరే బాకీ కాదు



ఈ వారం మాట కూలి ఇచ్చేవారికి. మన సంఘాల్లో రైస్ మిల్లు ఉన్నవారు, ఇటుక బట్టీ నడిపేవారు, బిల్డింగు కాంట్రాక్టులు పట్టేవారు ఉన్నారు. దేవునికి స్తోత్రం. దశమభాగం తప్పకుండా తెస్తారు. మరి మీ పనిలో ఒక మనిషి పడి చనిపోతే ఏం చేస్తున్నారు? పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, అతని భార్య చేతిలో లక్ష రూపాయలు పెట్టి, "ఇక మాకు ఏ హక్కూ లేదు" అని రాసిన కాగితం మీద వేలిముద్ర వేయిస్తున్నారు. ఆపైన పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేయాలంటున్నారు. ఆ ప్రార్థనకు నేను రాను.

ఆ కాగితం చెల్లదు. 1923 నాటి నష్టపరిహార చట్టం ప్రకారం కార్మికుడు హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న ఒప్పందానికి విలువ లేదు. మరణ పరిహారాన్ని కమిషనరు దగ్గర డిపాజిట్ చేయాలి. చేతికిస్తే పరిహారం ఇచ్చినట్టు కాదు. ఆ చట్టంలో మరణానికి కనీస మొత్తమే 1,20,000. ఇప్పుడు 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ యజమానికి ఈ బాధ్యత ఉంది.

"తాగి ఎక్కాడండీ" అంటారు. మనిషి చనిపోయినా, శాశ్వతంగా ఏ పనికీ పనికిరాకుండా పోయినా ఆ సాకు చట్టం ముందు నిలవదు. "మేస్త్రీ తెచ్చిన మనిషి" అంటారు. పని మీ వ్యాపారానిదైతే ముందు మీరు ఇవ్వాలి, తర్వాత మేస్త్రీ దగ్గర రాబట్టుకోవాలి. "దేవుని చిత్తం" అంటారు. ద్వితీయోపదేశకాండము 22:8 తీయండి. ఇంటికప్పుకు పిట్టగోడ కట్టకపోతే పడినవాని రక్తదోషం ఎవరి ఇంటి మీదికి వస్తుందో చదవండి. మీరు కట్టని పిట్టగోడను దేవుని మీదికి నెట్టకండి.

ఇంకో పాపం కాగితాల్లో దాగి ఉంది. లూకా 16లో గృహనిర్వాహకుడు నూరు అని ఉన్న చీటీని ఏబది అని మార్పించాడు. మనవాళ్లు జీతాన్ని అలాగే తగ్గించి రాస్తున్నారు. లెక్క చూడండి. 30 ఏళ్ల మనిషి, నెలకు 15,000. మరణానికి జీతంలో సగం 7,500. ఆ వయసుకు చట్టం ఇచ్చిన గుణకం 207.98, మొత్తం 15,59,850. అదే జీతం 8,000 అని రాస్తే 8,31,920. ఒక్క గడిలో అంకె మార్చి తండ్రిలేని పిల్లల దగ్గర 7,27,930 రూపాయలు లాగేసుకున్నారు. కన్నం వేసి దోచితే దొంగ అంటాం. పెన్నుతో దోచితే విశ్వాసి అనాలా?

కాబట్టి మిల్లులూ ఫ్యాక్టరీల వంటి చోట మరణం గాని తీవ్ర గాయం గాని జరిగితే ఏడు రోజుల్లో రిపోర్టు పంపండి. నిజమైన కూలి రాయండి. మస్టరు, కూలి పుస్తకం దాచకండి. మొత్తం మీద పేచీ ఉంటే, మీరు ఒప్పుకున్నంత వరకు వెంటనే కట్టండి. నెల దాటితే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే సగం వరకు జరిమానా కూడా ఆ 1923 చట్టంలోనే ఉన్నాయి. ఈఎస్ఐ ఉన్నవారికి దారి వేరు. అక్కడైనా ప్రమాదం సంగతి తెలియజేయవలసింది మీరే.

పట్టి ఉంచిన కూలి మొరపెడుతుందని యాకోబు హెచ్చరించాడు. ఆ మొర వినే ప్రభువు మీ రాజీ కాగితం చూసి ఊరుకోడు. ఈ రాత్రే మీ బీరువా తెరిచి చూడండి. అలాంటి వేలిముద్ర ఒక్కటి ఉన్నా, ఆదివారం కానుక తెచ్చేముందు ఆ ఇంటికి వెళ్లి రండి. ఆమేన్.