‘బావుందండీ’ అంటే కొంటామని కాదు మహాప్రభో!

ఈ మధ్య మా సాఫ్ట్‌వేరు జీవుల్లో ఒక జబ్బు బాగా ముదిరింది. పేరు ‘వాలిడేషన్’. ఒకడికి ఐడియా వస్తుంది. గంటలో గూగుల్ ఫారం తయారు. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో, ఇంజనీరింగు క్లాస్‌మేట్ల గ్రూపులో, ఆఫీసు టీం గ్రూపులో పడేస్తాడు. రాత్రికల్లా "నూటికి ఎనభై మంది కొంటామన్నారు" అని స్లైడు. కస్టమర్లతో మాట్లాడ్డం అయిపోయిందట, ఇక కోడు రాయడమే తరువాయి!

మా టీంలో ఒకతనికి ఇదే పట్టుకుంది. కుక్కలకి టీకా ఎప్పుడు వేయించాలో గుర్తుచేసే ఆప్, నెలకి 299 రూపాయలు. ఉద్యోగం మానేసి, పీఎఫ్ డబ్బు తీసి, చాలకపోతే వాళ్ళావిడ నగల మీద గోల్డ్ లోను తీసుకుంటాడట. అతని ఫారంలో మొదటి ప్రశ్న: "మీ పెంపుడు జంతువు ఆరోగ్యం మీకు ముఖ్యమేనా?" కాదనేవాడెవడండీ బాబూ? రెండోది: "టీకా తేదీ గుర్తుచేసే ఆప్ ఉంటే వాడతారా?" తప్పకుండా! మూడోది: "దానికి 299 ఇస్తారా?" ఓ, దానిదేముంది!

అసలు మన భాషలో ‘తప్పకుండా’ అంటే ఏమిటో తెలిసే అడుగుతున్నారా వీళ్ళు? పెళ్ళిచూపులకెళ్ళి "మీ అమ్మాయి మాకు నచ్చలేదు" అని మొహమ్మీద చెప్పొచ్చిన పెద్దమనిషిని ఎవరైనా చూశారా? పెట్టిన పకోడీలు తిని, కాఫీ తాగి, "ఇంటికెళ్ళి కబురు చేస్తాం" అని లేచొస్తాం. ఆ కబురు రాదని పిల్ల తండ్రికీ తెలుసు. ‘చూద్దాం’ అంటే వద్దని. ‘బావుందండీ’ అంటే మీరు నొచ్చుకోకూడదని. మొహమాటం మీద నడిచే మన సమాజంలో, తెలిసినవాడి ఐడియాకి ఐదుకి నాలుగు మార్కులు రావడం వింతేం కాదు. రెండొస్తే వింత.

ఇదేదో నేను కనిపెట్టిన సంగతి కాదు. ఆఫీసు కుర్చీలోంచి లేచి బయటికెళ్ళి కస్టమర్ని కలవండ్రా అని స్టీవ్ బ్లాంక్ 2005లోనే పుస్తకం రాశాడు. మీ వ్యాపారం బావుందా అని అడిగితే కన్నతల్లి కూడా ప్రేమకొద్దీ అబద్ధమే చెబుతుందన్న ఒక్క పాయింటు మీద రాబ్ ఫిట్జ్‌పాట్రిక్ 2013లో ‘ది మామ్ టెస్ట్’ రాశాడు. అతను చెప్పేదల్లా ఒకటే: నీ ఐడియా సంగతి ఎత్తకు, వాళ్ళ జీవితం గురించి అడుగు. "చేస్తారా" అని కాదు, "కిందటిసారి ఏం చేశారు" అని. ఈ పుస్తకం మావాళ్ళందరి షెల్ఫుల్లోనూ ఉంటుంది లెండి, కవరు కూడా నలక్కుండా :)

సరే, ఆ మహానుభావుణ్ణి బతిమాలి రెండు ఆదివారాలు మా ఏరియాలోని ఒక పశువుల క్లినిక్ వరండాలో కూర్చోబెట్టాను. షరతు ఒకటే, ఆప్ మాట ఎత్తకూడదు. కుక్కతో వచ్చినవాళ్ళని టీకా కార్డు చూపించమని అడగడం, ఆ తేదీల గురించి మాట్లాడ్డం, అంతే.

ఒక పెద్దావిడ దగ్గర లాబ్రడార్ ఉంది. కార్డులో రేబీస్ టీకా ఐదు నెలలు ఆలస్యం. మావాడి కళ్ళు మెరిశాయి. "మర్చిపోయారా ఆంటీ?" అనబోతుంటే కాలు తొక్కి నేనడిగాను, "అప్పుడేం జరిగింది ఆంటీ?" అని.

"మర్చిపోవడమేంటి బాబూ! క్లినిక్ వాళ్ళు మెసేజీ పెట్టారు, ఫోనూ చేశారు. మా అబ్బాయికి శనాదివారాలు కూడా పనే. ఇదేమో ముప్ఫై కిలోలుంది. దీన్ని చూస్తే ఆటోవాడు ఆగకుండా పోతాడు. క్యాబు బుక్ చేస్తే వచ్చి చూసి క్యాన్సిల్ చేశాడు. నా మోకాళ్ళతో నేనెలా తీసుకురాను?"

చూశారా? ఆవిడకి గుర్తు లేకపోవడం సమస్య కాదు, బండి లేకపోవడం సమస్య. మనం ఎన్ని నోటిఫికేషన్లు పంపినా ఆ కుక్క క్లినిక్‌కి రాదు. ఇంకో తమాషా ఏంటంటే, ఇలాంటి ఇళ్ళలో ఫారం నింపేది అబ్బాయి. కుక్కని కొన్నదీ అబ్బాయే, ఫొటోలు పెట్టేదీ అబ్బాయే. అన్నం కలిపేది, గోమార్లు ఏరేది, కక్కితే తుడిచేది అమ్మ, లేదా పనమ్మాయి. వాళ్ళనెవడూ అడగడు. వాళ్ళు మన క్లాస్‌మేట్ల గ్రూపులో లేరుగా!

ఇంకొకాయన, ఇంటికొచ్చి సూది వేయించినందుకు మందు ధర కాక ఐదొందలు ఇచ్చానన్నాడు. మేం ధర మాట ఎత్తలేదు. ఆయన జేబులోంచి నిజంగా బయటికెళ్ళిన డబ్బది. నా దృష్టిలో ఫారంలోని ఎనభై శాతం కంటే ఆ ఐదొందలే బరువు.

"జనానికి ఏం కావాలో జనానికే తెలీదు, ఫోర్డు అడిగితే వేగంగా పరిగెత్తే గుర్రాలనేవారట" అని ఎవరో ఒకరు మొదలుపెడతారని తెలుసు. ఫోర్డు ఆ మాట అన్నాడనడానికి ఆధారం లేదు మహానుభావా. పైగా మేం ఆవిణ్ణి ఏం కావాలని అడగనే లేదు, ఏం జరిగిందని అడిగాం.

జంతువుల మీద ప్రేమని గిరాకీ అనుకుని మునిగిన కథ పాతదే. అమెరికాలో పెట్స్ డాట్ కామ్ 2000 జనవరిలో సూపర్ బౌల్‌లో ప్రకటన వేసింది, ఫిబ్రవరిలో షేర్లు అమ్మింది, నవంబరుకల్లా మూతపడింది. వాళ్ళ సాక్సు బొమ్మ కుక్క అందరికీ తెగ నచ్చింది. బరువైన దాణా బస్తాలని నష్టానికి అమ్మి ఇళ్ళకి చేర్చడమే గిట్టుబాటు కాలేదు.

ఇక్కడ పోయేది డబ్బొక్కటే కాదు. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక కుక్కైనా మనిషైనా బతకడం దాదాపు అసాధ్యం. ఆ టీకా ఎందుకు ఆలస్యమవుతోందో కనుక్కుంటామని బయల్దేరి, చప్పట్లు పోగేసుకుని రావడం నాకైతే బాధ్యతలేనితనంగా కనిపిస్తుంది.

మావాడికి ఒకటే చెప్పాను. రాజీనామా ఆపు. వచ్చే నెల ఒక ఆదివారం వ్యాను అద్దెకి తీసుకో. మన మూడు అపార్ట్‌మెంట్లలో కుక్కలున్న ఇళ్ళకెళ్ళి, క్లినిక్‌కి తీసుకెళ్ళి తీసుకొస్తాం, మూడొందలు అడ్వాన్సు ఇవ్వండి అని అడుగు. ‘బావుందండీ’ అన్నవాళ్ళని కాదు, నోట్లు తీసిచ్చినవాళ్ళని లెక్కపెట్టు.

"వ్యాను తోలడానికా నేను బీటెక్ చదివింది? దీన్లో ఆప్ ఎక్కడుంది?" అన్నాడు. రాజీనామా ఈమెయిలు మాత్రం ఇంకా డ్రాఫ్టుల్లోనే ఉందట.