మృతుని సంతకం, వారసుల వాటా

జగ్గయ్యపేట, నందిగామ వంటి మన ఊళ్లలో ఇంటి పెద్ద కన్నుమూస్తే పొలం దస్తావేజులను వెంటనే వెదుకుతాము. బీరువాలోని కంపెనీ షేర్ల పత్రాలు మాత్రం ఎవరికీ గుర్తుండవు. మోసానికి అదే అదను. మృతుని సంతకాన్ని ఫోర్జరీ చేసో, భార్యను, కుమార్తెలను వారసుల జాబితాలో దాచిపెట్టో, వాటిని ఒక్కరే తన పేర మార్పించుకోగలరు.

"నామినీని నేనే కదా" అన్న వాదన చెల్లదు. నామినేషన్ వల్ల యాజమాన్యం రాదనీ, షేర్లు వారసత్వ చట్టం ప్రకారమే చెందాలనీ శక్తి యజ్దానీ కేసులో 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. మనకు ఆ చట్టం షరీఅత్. సంతానముంటే భార్యకు ఎనిమిదో వంతు, కుమారుని వాటాలో సగం కుమార్తెకు అని సూరా అన్-నిసా నిర్ణయించింది. అది సోదరులు దయతో ఇచ్చే కానుక కాదు.

షేర్‌హోల్డరుగా నటించి షేర్లు కాజేసినవారికి 2013 కంపెనీల చట్టం 57వ సెక్షన్ ఏడాది నుండి మూడేళ్ల జైలుశిక్ష విధిస్తున్నది. రిజిస్టరులో పేరు అన్యాయంగా మారితే, 59వ సెక్షన్ కింద కంపెనీ లా ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు.

మసీదు కమిటీలకు మా విన్నపం ఒక్కటే. జనాజా వేళ మృతుని అప్పుల సంగతి అడుగుతున్నాము. అలాగే ఆయన ఆస్తుల జాబితాను భార్య, కుమార్తెల ఎదుట రాయించమని కూడా కుటుంబానికి గుర్తుచేద్దాము. అప్పు దాచడం ఎంత పాపమో, ఆడబిడ్డ వాటా దాచడమూ అంతే.